మోత కింద మాట

2024 నవంబరు 14న 'కంగువా' విడుదలైంది. తమిళంతోపాటు తెలుగులోనూ అదే రోజు వచ్చింది. మొదటి ఆటల నుంచే శబ్దం భరించలేకున్నామని ప్రేక్షకులు మొరపెట్టుకున్నారు. నిర్మాత కె.ఇ.జ్ఞానవేల్ రాజా స్పందించి, వాల్యూమ్ రెండు పాయింట్లు తగ్గించమని థియేటర్లకు చెప్పామన్నారు. థియేటర్లలో మామూలుగా ఉండే డాల్బీ ప్రాసెసర్ మీద ఒక పాయింటు అంటే మూడు డెసిబెళ్ల పైచిలుకు. రెండు పాయింట్లు దించితే ఆరున్నర దాటుతుంది. చెవికి అది ఉపశమనమే. కానీ ఆ మీట దించినప్పుడు సంగీతం ఒక్కటే దిగదు, సంభాషణ కూడా దిగుతుంది. రెండింటి మధ్య తూకం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. హాల్లో మోత ఎక్కువ కావడం ఒక జబ్బు, మాట తెలియకపోవడం ఇంకో జబ్బు. రెండూ తరచు కలిసే వస్తాయి కాబట్టి ఒకే మందు వేస్తున్నాం.

రెండో జబ్బుకు సౌండ్ వాళ్లు పెట్టుకున్న పేరు మాస్కింగ్. ఒక శబ్దం మోగుతుండగా, దానికి దగ్గరి ఫ్రీక్వెన్సీల్లో ఉన్న మరో శబ్దం చెవికి అందకుండా పోవడమే మాస్కింగ్. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వీధుల్లో ఇవాళ పెద్ద స్టూడియోల మిక్సింగ్ థియేటర్లే కాదు, సంగీత దర్శకుల సొంత స్టూడియోలు, అపార్ట్‌మెంట్ గదుల్లో నడిచే చిన్న సెటప్‌లు ఎన్నో ఉన్నాయి. ఎక్కడికెళ్లినా ఈ సమస్యకు రెండు మందుల పేర్లే వినిపిస్తాయి: డైనమిక్ ఈక్యూ, సైడ్‌చైన్. అవి నిజంగా ఎంత పనిచేస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి, తెలుగు మాటకు వాటిని ఎలా వాడాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు చెవి సంగతి. తక్కువ ఫ్రీక్వెన్సీ స్వరం ఎక్కువ ఫ్రీక్వెన్సీ స్వరాన్ని కప్పేస్తుందనీ, ఎక్కువది తక్కువదాన్ని అంతగా కప్పలేదనీ అమెరికా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మేయర్ 1876లోనే గమనించాడు. వెగెల్, లేన్ అనే ఇద్దరు 1924లో దాన్ని కొలిచి చూపించారు. చెవి శబ్దాన్ని విడివిడి పట్టీలుగా విడదీసుకుని వింటుందని బెల్ ల్యాబ్స్‌లో హార్వీ ఫ్లెచర్ 1940లో వివరించాడు. జర్మనీకి చెందిన ఎబెర్‌హార్డ్ జ్వికర్ 1961లో ఆ పట్టీలను 24గా లెక్కగట్టాడు. 500 హెర్ట్జ్ కింద ఒక్కో పట్టీ వెడల్పు సుమారు 100 హెర్ట్జ్. 60 దగ్గర మోగే కిక్ డ్రమ్ము, 80 దగ్గర మోగే బేస్ ఒకే పట్టీలో పడతాయన్నమాట. వాటిని విడదీసి వినడానికి చెవికి అక్కడ చోటు చాలా తక్కువ.

మేయర్ గమనించినదానికి కారణం లోపలి చెవి కట్టడంలో ఉంది. లోపలి చెవిలోని కాక్లియాలో ఉన్న పొర ద్వారం దగ్గర హెచ్చు స్వరాలకు, లోపలి చివర తగ్గు స్వరాలకు స్పందిస్తుంది. శబ్ద తరంగం ఆ పొర మీద ఎలా ప్రయాణిస్తుందో చూపించినందుకు గేయార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. వీధి చివరి ఇంటికి ఇసుక తీసుకెళ్లే లారీ దారి పొడవునా ఉన్న ఇళ్ల గోడల్ని అదిరించినట్టు, బేస్ తరంగం చివరికి చేరే లోపల హెచ్చు స్వరాల చోటునంతా కదిపేస్తుంది. శబ్దం పెరిగే కొద్దీ ఈ కప్పడం పైవైపు ఇంకా విస్తరిస్తుంది. గదిలో నెమ్మదిగా విన్నప్పుడు స్పష్టంగా ఉన్న డైలాగు, అదే మిక్స్ హాల్లో హోరెత్తినప్పుడు మసకబారడానికి ఇదొక ముఖ్య కారణం. 'ఇంకొంచెం పెంచితే వినపడుతుంది' అనే మాట అందుకే చాలాసార్లు తప్పవుతుంది. అన్నీ కలిపి పెంచితే మాట ఇంకా మునుగుతుంది.

ఇప్పుడు తెలుగు మాట దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు విషయం ఇదే, దీన్ని ఏ ప్లగిన్ మాన్యువలూ చెప్పదు. అచ్చులకు బలం ఎక్కువ, అవి ఎలాగోలా బయటపడతాయి. హల్లుల గుర్తులు పలచగా, ఎక్కువగా 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. 'పాట'కూ 'బాట'కూ, 'కాలి'కీ 'గాలి'కీ తేడా కొన్ని పదుల మిల్లీసెకన్ల పని. వయొలిన్ల గుంపు, నాదస్వరం, డిస్టార్షన్ గిటారు, కోరస్, కత్తుల మోత అన్నీ ఆ ప్రాంతంలోనే కాపురం ఉంటాయి. పైగా మన వాక్యానికి ప్రాణం చివర్లో ఉంటుంది. క్రియ చివరన వస్తుంది. ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు, అసలు చేస్తారా చేయరా అన్నదంతా ఆ చివరి అక్షరాల్లోనే తేలుతుంది. 'వదిలేస్తా' అన్నాడా, 'వదల్ను' అన్నాడా? నటుడి గొంతు సహజంగా దిగేది అక్కడే. ఆర్ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, బ్రాస్, డ్రమ్స్ కలిసి గుద్దేదీ అక్కడే. పవర్‌ఫుల్ డైలాగు ఆఖరి మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే హిట్ పడుతుంది. ఇది ఏదో ఒక సినిమా తప్పు కాదు. మాస్ సినిమా నడకే అలా అలవాటైంది.

సంగీతాన్ని మాట కోసం తగ్గించడం కొత్త ఆలోచన కాదు. మాట మొదలవగానే సంగీతాన్ని దానంతటదే దించే యంత్రాన్ని 1930వ దశకం మధ్యలోనే వార్నర్ బ్రదర్స్ స్టూడియో వాళ్లు వాడారు. 'అప్ అండ్ డౌనర్' అని పిలుచుకునేవాళ్లు. ఆ కాలపు ఆప్టికల్ ట్రాక్‌లో చాలా మెల్లని శబ్దం గరగరలో కలిసిపోయేది, చాలా గట్టి శబ్దం పగిలిపోయేది. రెండింటి మధ్య ఉన్న ఇరుకు చోటులో మాటనూ పాటనూ ఇమడ్చడానికి ఆ ఏర్పాటు. అంటే సైడ్‌చైన్ పుట్టింది డాన్స్ ఫ్లోర్ మీద కాదు, సినిమా సంభాషణ కోసమే. కిక్ పడ్డప్పుడల్లా పాటంతా ఊపిరి పీల్చి వదిలినట్టు వినిపించే పద్ధతి 2000 తర్వాత డాన్స్ సంగీతంతో ప్రపంచమంతా పాకింది. ఇవాళ కుర్రవాళ్లకు సైడ్‌చైన్ అంటే అదే గుర్తొస్తోంది.

పద్ధతి చూస్తే సులువే. శబ్దాన్ని అణిచే కంప్రెసర్ సంగీతం మీద కూర్చుంటుంది, కానీ ఎప్పుడు తగ్గించాలో సంగీతాన్ని విని నిర్ణయించదు, డైలాగ్ ట్రాక్‌ను విని నిర్ణయిస్తుంది. లోపం కూడా అక్కడే ఉంది. మాట మొదలవగానే మొత్తం సంగీతం కుంగుతుంది. తంబుర శ్రుతీ, కింది బేసూ, పైన గాలిలా తేలే తీగల మోతా, మాటకు ఏ హానీ చేయనివన్నీ కలిసి దిగుతాయి. భావోద్వేగ సన్నివేశంలో అది వెంటనే పట్టుబడుతుంది. తల్లి ఒక్కో మాటా ఆగి ఆగి అంటుంటే, ప్రతి మాట మధ్యా సంగీతం లేచి పడుతుంది.

మామూలు ఈక్యూతో, అంటే ఫ్రీక్వెన్సీల స్థాయిని సవరించే ఈక్వలైజర్‌తో, హల్లుల ప్రాంతాన్ని శాశ్వతంగా కోస్తే ఇంకో ఇబ్బంది. మాట లేని క్షణాల్లో కూడా సంగీతం వెలిసిపోయి వినిపిస్తుంది. డైనమిక్ ఈక్యూ ఈ రెండింటికీ మధ్యదారి. ఎంచుకున్న ఫ్రీక్వెన్సీ చుట్టూ మాత్రమే, అవసరమైనంతసేపు మాత్రమే, నిర్ణయించినంత లోతు మాత్రమే కోస్తుంది. మల్టీబ్యాండ్ కంప్రెసర్ శబ్దాన్ని ముందే ముక్కలు చేసి మళ్లీ అతుకుతుంది, ఆ అతుకుల దగ్గర రంగు కొంచెం మారే ప్రమాదముంది. డైనమిక్ ఈక్యూ పని లేనప్పుడు సంగీతాన్ని దాదాపు ముట్టుకోదు. దానికి సైడ్‌చైన్ కలిపితే, మాట వచ్చినప్పుడు మాట నివసించే చోటు మాత్రమే ఖాళీ అవుతుంది. సంగీతం బరువు తగ్గదు, మాట దారి తెరుచుకుంటుంది.

ఒకప్పుడు ఇది బీఎస్ఎస్ కంపెనీ డీపీఆర్-901 లాంటి హార్డ్‌వేర్ పెట్టెల్లో దొరికేది, అందరికీ అందేది కాదు. ఇప్పుడు టీడీఆర్ నోవా అనే ప్లగిన్ ఉచితంగానే దొరుకుతుంది. 2018లో వచ్చిన ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ 3 తర్వాత ఇది దాదాపు ప్రతి ఇంజినీరు చేతికీ చేరింది. ట్రాక్‌స్పేసర్ లాంటివి శబ్దాన్ని 32 పట్టీలుగా చూసి, గొంతు ఏ ఆకారంలో ఉంటే సంగీతంలోంచి అదే ఆకారాన్ని తీసేస్తాయి. సూత్2 కూడా బయటి సంకేతాన్ని తీసుకుంటుంది. పరికరాల కొరత అనే సాకు ఇక చెల్లదు.

సంభాషణకు వాడేటప్పుడు నేను నమ్మే కొలతలు చెబుతాను. ఇవి శాసనాలు కావు. సంగీతం మొత్తం మీద కాకుండా, ఢీకొనే స్టెమ్ మీదే, అంటే విడిగా ఇచ్చిన ఆ వాద్యాల గుంపు ట్రాక్ మీదే పెట్టాలి. తీగ వాద్యాలూ కోరస్ అడ్డొస్తుంటే వాటి మీదే. ఒకటిన్నర వేల నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య ఒక వెడల్పాటి బెల్ (గంట ఆకారపు ఫిల్టరు), కోత 2 నుంచి 4 డెసిబెళ్లు. మగ గొంతు మందంగా ఉండి చెల్లోలు దాన్ని మింగేస్తుంటే 250 నుంచి 400 మధ్య ఇంకొకటి, అది ఇంకా తక్కువ లోతులో. అటాక్, అంటే కోత పట్టే సమయం, 10, 20 మిల్లీసెకన్లు ఉంటే చాలు. తెలుగులో అసలు శ్రద్ధ పెట్టాల్సింది రిలీజ్ మీద, అంటే కోత విడిచే సమయం మీద. అది తొందరగా వదిలేస్తే, వాక్యం చివరి అచ్చు ఇంకా నడుస్తుండగానే సంగీతం తిరిగి మీద పడుతుంది. 300 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, సన్నివేశం చూసి అటూ ఇటూ జరపాలి. వదిలే ముందు కోతను కాసేపు నిలిపే హోల్డ్ ఉన్న పరికరమైతే మరీ మంచిది. ఇంజినీరు డైలాగు కాపీ ఒకటి తీసుకుని కాస్త ముందుకు జరిపి దాన్నే సంకేతంగా ఇస్తే, మొదటి హల్లు రాకముందే చోటు సిద్ధమవుతుంది.

ఇక్కడొక మెలిక ఉంది, చాలా మిక్స్‌లలో దీన్నే పట్టించుకోరు. సైడ్‌చైన్ గట్టి శబ్దానికి గట్టిగా స్పందిస్తుంది. హీరో అరిస్తే సంగీతంలో లోతుగా కోస్తుంది, గుసగుసలాడితే అసలు కదలదు. అరుపుకు సాయం అక్కర్లేదు, అది తానే గెలుస్తుంది. సాయం కావాల్సింది గుసగుసకు. కాబట్టి సంకేతంగా ఇచ్చే డైలాగు కాపీని ముందే గట్టిగా కంప్రెస్ చేసి, గుసగుసనూ అరుపునూ ఒకే ఎత్తుకు తేవాలి. ఆ కాపీ ప్రేక్షకుడికి వినిపించదు, దాని పని పరికరానికి ఆజ్ఞ ఇవ్వడమే. ఊపిరి శబ్దాలూ, నోటి చప్పుళ్లూ అందులోంచి తీసేయాలి. లేకపోతే ఎవరైనా నిట్టూర్చినప్పుడల్లా వయొలిన్లు వంగిపోతాయి.

పాటల్లో కథ వేరు. డప్పు, తీన్మార్ బీటు, దాని కింద కిక్, దాని కింద సబ్ బేస్. ఇక్కడ సైడ్‌చైన్ సంకేతం కిక్ నుంచి వస్తుంది, కోత బేస్ మీద 50, 70 హెర్ట్జ్ మధ్య పడుతుంది. 3 నుంచి 6 డెసిబెళ్ల లోతు, తర్వాతి దెబ్బ పడకముందే తిరిగి నిండాలి. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లుంటాయి. వేగంగా పరిగెత్తే ఆరెనిమిది నడకలో ఆ వ్యవధి బాగా కుంచించుకుపోతుంది, రిలీజ్‌ను దానికి తగ్గట్టు కత్తిరించుకోవాలి. డప్పుకు మాత్రం ఈ వైద్యం తక్కువే కావాలి. దాని పదును పైన ఉంటుంది, దాన్ని కప్పేది చప్పట్లూ షేకర్లూ సింథ్ స్నేర్లూ. వాటిలో ఒకదాన్ని తీసేయడమే మంచి మిక్సింగ్ అని నా నమ్మకం.

తీసేయడం అన్నాక మన పాత పాటల సంగతి రాకుండా ఉండదు. మద్రాసు రోజుల్లో గాయకుడూ వాద్య బృందమూ ఒకే హాల్లో, కొద్ది మైకుల ముందు, ఒకేసారి పాడి వాయించేవాళ్లు. డైనమిక్ ఈక్యూ లేదు, విడివిడి ట్రాకులూ లేవు. అయినా ఘంటసాల పాటలో సాహిత్యం అక్షరం అక్షరం తెలుస్తుంది. వేణువు గాయకుడి మీద వాయించదు, పంక్తికీ పంక్తికీ మధ్య జవాబిస్తుంది. గొంతు మధ్యస్థాయిలో ఉంటే వయొలిన్లు పైకో కిందికో జరుగుతాయి. ఇళయరాజా స్వరరచనలో బేస్ గిటారు విడిగా పాడుతున్నట్టుండి కూడా గొంతుకు అడ్డురాకపోవడానికి కారణం కాగితం మీద రాసిన స్వరాల్లోనే ఉంది. ఇప్పుడు ప్లగిన్ చేస్తున్న పనిని అప్పుడు అరేంజర్ చేసేవాడు. ఆ పని అరేంజర్ చేయడమే ఎప్పటికైనా మేలు, ఎందుకంటే అతను రాసిన ఖాళీలో అర్థం ఉంటుంది, యంత్రం కోసిన ఖాళీలో ఉండదు.

తెలుగు సినిమాకు ఒక గొప్ప అనుకూలత ఉంది, దాన్ని మనం గుర్తించడం లేదు. మన సంభాషణల్లో చాలా భాగం డబ్బింగ్ థియేటర్లో రికార్డవుతుంది. లొకేషన్ రొద, జనరేటర్ మోత, గాలి ఏవీ ఉండవు. మిక్సింగ్ టేబుల్ మీదికి వచ్చే గొంతు శుభ్రంగా ఉంటుంది. అంటే మన మాటను కప్పుతున్నదంతా మనం తర్వాత చేతులారా పెట్టిందే. ఎఫెక్ట్స్ వాళ్లు తలుపు విరిగిన చప్పుడు పెడతారు, సంగీత దర్శకుడు అదే క్షణానికి తలుపు విరిగినంత డ్రమ్ పెడతాడు. ఇద్దరూ ఒకరి పని ఒకరు వినకుండానే ఫైనల్ మిక్స్‌కి పంపుతారు. విడుదల తేదీ ముందే పోస్టర్ మీద పడిపోతుంది, ఆర్ఆర్ రీళ్లు ఆఖరి రోజుల్లో వస్తాయి. స్టెమ్‌లుగా రావాల్సింది ఒకే స్టీరియో ఫైలుగా వస్తే, పైన చెప్పిన సున్నితమైన వైద్యమేదీ సాధ్యపడదు. మొత్తం సంగీతాన్ని వంచడం తప్ప దారి ఉండదు.

వినే చోటు కూడా పరీక్షే. హాల్లో వాల్యూమ్ మీట, అంటే ఫేడరు, 7 దగ్గర ఉంటే ఒక్కో తెర స్పీకరు పరీక్షా సంకేతానికి 85 డెసిబెళ్లు ఇచ్చేలా మిక్సింగ్ థియేటర్లనూ సినిమా హాళ్లనూ సరిచేస్తారు. థియేటర్ల స్పీకర్లకు ప్రమాణంగా పెట్టిన ఎక్స్-కర్వ్ అనే రేఖ 2 వేల హెర్ట్జ్ పైన శబ్దాన్ని క్రమంగా వంచుతుంది, హల్లులుండే చోటు నుంచే వంపు మొదలవుతుందన్నమాట. చిన్న గదిలో దగ్గరి స్పీకర్ల మీద సరిచూసిన డైలాగు పెద్ద హాల్లో మెత్తబడేది అందుకే. చాలా హాళ్లు ఫిర్యాదులకు భయపడి 7 కంటే కింద నడుపుతాయి. అది తెలిసి మిక్స్‌లో మోత పెంచుతారు, అది విని హాలు ఇంకా దించుతుంది. ఈ పోటీలో ప్రతిసారీ నష్టపోయేది సంభాషణ. ఓటీటీలో దీనికి కొంత కట్టడి ఉంది. నెట్‌ఫ్లిక్స్ మొత్తం శబ్దాన్ని సంభాషణ ఆధారంగా కొలిచి మైనస్ 27 దగ్గర, రెండు అటూ ఇటూగా ఉండాలంటుంది. మాటను కొలబద్దగా పెట్టడం మంచి పని, థియేటర్లకు అలాంటిది లేదు.

చోటు మార్చడం అనే మందు కూడా ఉంది. మాట మధ్య స్పీకర్ నుంచి వస్తూ, సంగీతం పక్కలకూ పైకీ జరిగితే చెవి రెండింటినీ సులువుగా విడదీస్తుంది. పైకప్పులోనూ స్పీకర్లుండే డాల్బీ అట్మాస్ ఇచ్చిన అసలు వరం ఇదే. 2025లో అన్నపూర్ణ స్టూడియోస్‌లో డాల్బీ సర్టిఫైడ్ పోస్ట్ ప్రొడక్షన్ సదుపాయం మొదలయ్యాక ఇలాంటి పనికి నగరం దాటాల్సిన అవసరం తగ్గింది. డైనమిక్ ఈక్యూతో 4 డెసిబెళ్లు కోసే ముందు సంగీతాన్ని మధ్య నుంచి పక్కకు జరిపి చూడమని నా సలహా. అయితే ఇంట్లో టీవీ మీద, ఫోన్ మీద అన్నీ మళ్లీ ఒకచోటే కలుస్తాయి. ఆ మిక్స్‌కు కోతల్ని విడిగా చూసుకోక తప్పదు.

ఈ చర్చలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే సినిమా 'రంగస్థలం'. 2018లో వచ్చిన ఆ సినిమాలో సుకుమార్ కథానాయకుడికి వినికిడి లోపం పెట్టాడు. ఏది వినపడుతుంది, ఏది వినపడదు అన్నదే కథ నడకలో భాగమైంది. ఊరి జాతర, డప్పులు, గోదావరి యాస, దేవిశ్రీ ప్రసాద్ సంగీతం అన్నీ నిండుగా ఉండి కూడా మాట నిలబడింది. 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఫైనల్ మిక్స్‌కు ఇచ్చే అవార్డు ఆ సినిమాకే, రీరికార్డిస్ట్ ఎం.ఆర్.రాజాకృష్ణన్‌కు దక్కింది. మాస్ సినిమాలో స్పష్టత కుదరదనే వాదనకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. ఇంకో సంగతి. వినికిడి తగ్గిన చెవిలో శబ్దాన్ని విడదీసే ఆ పట్టీలు వెడల్పవుతాయి, మాస్కింగ్ మనకంటే ఎక్కువగా బాధిస్తుంది. వయసు మీదపడిన ప్రేక్షకుల్లో చాలామందిదీ కొద్దో గొప్పో అదే స్థితి. డైలాగును కాపాడటం వాళ్లకు చేసే ఉపకారం కాదు. వాళ్లూ టికెట్ కొన్నారు.

మాస్కింగ్ మీటర్లు, ఢీకొనే చోట్లను ఎర్రగా చూపించే తెరలు ఇప్పుడు చాలా ప్లగిన్లలో ఉన్నాయి. వాటిని చూసి కోయడం మొదలుపెడితే ఆగదు. రెండు శబ్దాలు ఒకే చోట ఉన్నంత మాత్రాన ఒకటి మునిగినట్టు కాదు. మరోవైపు మీటరుకు దొరకని మాస్కింగ్ ఉంది. డైలాగు వెనక తెలుగు సాహిత్యంతో పాట నడుస్తుంటే, ఫ్రీక్వెన్సీలు ఎంత విడదీసినా మనసు రెండు అర్థాల మధ్య చీలుతుంది. అక్కడ చేయాల్సింది ఒకటే, సాహిత్యం తీసేసి హమ్మింగ్ ఉంచడం.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది మన జ్ఞాపకం. అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ వారెన్ 1970లో ఒక వాక్యంలో ఒక ధ్వనిని పూర్తిగా తీసేసి, ఆ చోట దగ్గు శబ్దం పెట్టి వినిపించాడు. విన్నవాళ్లకు ఆ ధ్వని లేదన్న సంగతే తెలియలేదు, మనసు దాన్ని నింపేసింది. దర్శకుడు ఆ డైలాగు రాసేటప్పుడు విన్నాడు, షూటింగ్‌లో విన్నాడు, డబ్బింగ్‌లో పదిసార్లు చెప్పించాడు, ఎడిటింగ్‌లో వందసార్లు చూశాడు. సంగీత దర్శకుడిదీ మిక్సింగ్ ఇంజినీరుదీ అదే పరిస్థితి. ఫైనల్ మిక్స్ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ డైలాగు కంఠతా వచ్చు. మాట సగం మునిగినా వాళ్లకు పూర్తిగా వినిపిస్తుంది. ఈ లోపాన్ని ఏ డైనమిక్ ఈక్యూ తీర్చలేదు.

కాబట్టి ఫిల్మ్‌నగర్‌లోని దర్శక నిర్మాతలకు ఒక విన్నపం. ఫైనల్ మిక్స్ ముగిసే ముందు, స్క్రిప్టు చదవని, ట్రైలరు కూడా చూడని ఒకరిద్దరిని తెచ్చి కూర్చోబెట్టండి. వాళ్లలో ఒకరికి అరవై దాటి ఉంటే ఇంకా మంచిది. ఫేడరు 7 మీద రీలు వేయండి. ప్రతి ముఖ్యమైన డైలాగు తర్వాత ఆపి, హీరో ఏమన్నాడో వాళ్లను చెప్పమనండి. చెప్పలేకపోతే విడుదల ఒక రోజు ఆపైనా సరే ఆ రీలును మళ్లీ కలపండి.